ఆట పోతుందని జేజి చుట్టిన తడిగుడ్డ

చిన్నప్పుడు మా ఎర్రగుంట్ల ఇంట్లో ఎండాకాలం మధ్యాహ్నాలు... నాపరాళ్ల నేల మీద నీళ్లు చల్లుకుని, ఆ చల్లదనంలో కూర్చుని టీవీ గేము ఆడేదాన్ని. మా నాయన సిమెంటు లారీ తోలేవాడు. ఒకసారి బెంగళూరు ట్రిప్పు నుంచి వస్తూ ఒక నల్లడబ్బా, రెండు జాయ్‌స్టిక్కులు, ఒక పసుపుపచ్చ క్యాసెట్టు తెచ్చాడు. ఇక చూడండి నా రాజ్యం!

ఇప్పటి పిల్లలకు ఒక సంగతి తెలియదు. ఆ డబ్బాలో సేవ్ అనేది లేదు. ఎంత దూరం ఆడినా, ఆపితే మళ్లీ మొదటి నుంచే... అన్నం తినాలన్నా పాజ్ నొక్కి అట్లే వదిలేసి పోవాలి. చీపురు పట్టుకుని మా అమ్మ టీవీ వైపు వస్తే చాలు, స్విచ్ ఎక్కడ ఆపేస్తుందోనని నా పైప్రాణాలు పైనే పోయేవి.

మా జేజికి, అంటే నాయన వాళ్లమ్మకు, ఆ డబ్బా అంటే గిట్టదు. "ఏంమే, పొద్దస్తమానం ఆ దయ్యాల పెట్టె ముందర కూచోని ఏం చేస్తాండావు? కండ్లు పోతాయి!" అని తిట్టేది. తిడుతూనే బొరుగులు కలిపి నా పక్కన పెట్టేది.

ఆరోజు చివరి స్టేజికి వచ్చాను... జన్మలో మొదటిసారి. కోట తలుపు దగ్గర పెద్ద రాక్షసుడు నిలబడి ఉన్నాడు. సరిగ్గా అప్పుడే అమ్మ అన్నానికి పిలిచింది. పాజ్ నొక్కాను.

"జేజీ, దాన్ని ఎవురూ ముట్టకుండా చూడు. ఇప్పుడాపితే అంతా పోతాది!" అని చెప్పి వంటింట్లోకి ఉరికాను.

జేజి నిజంగానే కాపలా కాసింది. గోడ బోర్డుకు తగిలించిన అడాప్టరు పొద్దుటి నుంచి నడిచి నడిచి కాగిపోయింది. మాడు వాసన వచ్చిందట. నన్ను పిలిస్తే ఆట ఆపాలి కదా... పాపం, పిలవలేదు. జేజికి తెలిసిన వైద్యం ఒక్కటే. కడవలో నీళ్లు చల్లగా ఉండాలని తడిగుడ్డ చుడుతుంది కదా... ఆ గుడ్డనే తీసి, సగం పిండి, అడాప్టరుకు చుట్టబోయింది. చెప్పుల్లేని కాళ్లతో. తడి నేల మీద నిలబడి.

నాకు ఒక మూలుగు వినిపించింది. అది జేజి గొంతులా లేదు.

వచ్చి చూస్తే ఆమె చేయి బోర్డుకు అతుక్కుపోయి ఉంది. ఒళ్లంతా వణుకుతోంది. కళ్లు నా వైపే ఉన్నాయి కానీ నన్ను చూడడం లేదు. పట్టుకుందామని ఉరికాను. వెనక నుంచి అమ్మ నా జుట్టు పట్టి లాగేసింది.

"ముట్టద్దు మే! నువ్వు గూడా పోతావు!... అత్తా! అయ్యో, అత్తా!"

అమ్మ కట్టె కోసం ఇల్లంతా వెతుకుతోంది. ఒక్క కట్టె కనపడలేదు. నేను గొంతు పోయేలా అరుస్తున్నాను.

అంతలో కరెంటు పోయింది.

మధ్యాహ్నం కోత. రోజూ మేం నోరారా తిట్టుకునే కోత! జేజి గోడ వెంబడి జారి కింద పడిపోయింది. అరచేయి నల్లగా కమిలింది. అమ్మ ఒళ్లో పడుకోబెట్టుకుని పిలవగా పిలవగా కళ్లు తెరిచి, నన్ను చూసి, అడిగిన మొదటి మాట...

"నీ ఆట పాయనా పాపా?"

ఆ డబ్బాను నాయన అటకెక్కించాడు. జేజి ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది, కానీ ఆ చేత్తో ముద్ద గట్టిగా పట్టుకోలేకపోయేది. నేను మాత్రం ఆటలు మానలేదు. ఇప్పుడు కడపలో ఉద్యోగం, ఇంట్లో ఆటల కోసమే కొన్న కంప్యూటరు... ఆటలంటే నాకు ప్రాణం. కాబట్టి పగబట్టి రాస్తున్నానని అనుకోవద్దు.

కానీ ఈమధ్య ఆటల కంపెనీలను చూస్తే నాకు నిజంగా భయం వేస్తోంది. 'ఆపితే అంతా పోతుంది' అన్న భయం అప్పట్లో ఆ చవక డబ్బా చేతగానితనం వల్ల వచ్చింది. ఇప్పుడు ఫోన్లో దేన్నైనా చిటికెలో దాచిపెట్టొచ్చు. అయినా ఒక్కరోజు రాకపోతే బహుమతి పోతుందంటారు, రోజూ ఆడిన వరస తెగిపోతుందంటారు... మనుషులకు జీతాలిచ్చి మరీ ఆ భయాన్ని తయారుచేయిస్తున్నారు. అన్నిటికంటే దారుణం, ఆ ఆటలకు చివరి స్టేజి లేదు. గెలిచి, లేచి వచ్చే వీలే లేదు.

మొన్న నా కూతురికి జ్వరం. ఒళ్లు కాలిపోతోంది. చార్జింగు పెట్టిన ఫోను మాత్రం వదలదు.

"అమ్మా, ఇప్పుడాపితే అంతా పోతుంది!"

నా మాటే... అచ్చంగా నా మాటే. ఫోను లాక్కుని పక్కన పెట్టి, పడుకోబెట్టి, మందు తేవడానికి లోపలికి పోయాను. తిరిగి వచ్చేసరికి మా అమ్మ మంచం పక్కన కూర్చుని ఉంది. ఆరోజు నన్ను జుట్టు పట్టి లాగిన అమ్మే. ఒక చేతిలో పాప నుదుటి మీద వేసే తడిగుడ్డ. ఇంకో చేతిలో ఆ ఫోను, చార్జరు తీగ గోడ బోర్డుకే ఉంది. తడబడుతూ బొటనవేలితో నొక్కుతోంది.

"ఏం చేస్తాండావుమా?"

"దీని ఆట పోతాదంట మే... అది లేసేదాకా నేను ఆడతాండాలే."

పరుగున పోయి ప్లగ్గు పీకేశాను. అమ్మ నా ముఖం చూసింది, తన చేతిలోని గుడ్డ చూసుకుంది... ఫోను మెల్లగా మంచం మీద పెట్టేసింది.

మీ చిన్నప్పుడు మీ ఆటను ఆపింది ఎవరు? అమ్మ కేకా, నాయన లారీ హారనా, కరెంటు కోతా? ఇప్పుడు మీ పిల్లల ఆటను ఎవరు ఆపుతున్నారు? రాయండి, చదువుతాను...

మా ఇంట్లో ఇన్వర్టరు ఉంది. కరెంటు పోనే పోదు.