ఇరవై మేడం

డిజైన్ కాలేజీలో ఆఖరి ఏడాది పిల్లల థీసిసులు దిద్దే మేడం ఏ థీసిస్‌నైనా వెనక నుంచే తెరుస్తుంది. ముందు చివరి పేజీలోని పుస్తకాల జాబితా, ఆ తర్వాతే అధ్యాయాలు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని, పెన్సిల్ మొనతో ఒక్కో పేరునూ పొడుస్తూ లెక్కపెడుతుంది. "ఇరవైకి ఒక్కటి తగ్గినా తీసుకోను" అనడం ఆమె ఊతపదం. అందుకే పిల్లలు చాటుగా ఇరవై మేడం అంటారు. వాళ్లు పాత థీసిసుల్లోంచి పేర్లు దించేస్తారని ఆమెకు తెలుసు, అచ్చుతప్పులతో సహా దిగుతాయి మరి. కుర్చీల ఎత్తు గురించిన ఒక పుస్తకమైతే ఏటా అయిదారుగురి జాబితాల్లో ఉంటుంది. దాని దగ్గర మాత్రం పెన్సిల్ ఆగదు, చూడనట్టే కిందికి జారిపోతుంది.

ఆ మధ్యాహ్నం పదకొండో థీసిస్ ముందేసుకుని మెడ నొక్కుకుంటుండగా, చిన్నపిల్లల కుర్చీల మీద థీసిస్ రాస్తున్న అమ్మాయి వచ్చి నిలబడింది.

"మేడం, ఈ కుర్చీల ఎత్తు పుస్తకం కోసం మూడు లైబ్రరీలు తిరిగాను, ఎక్కడా లేదు. మీరు చదువుకున్నప్పటి థీసిస్‌లో పేరు చూసి రాసుకున్నాను. మీ దగ్గరుంటే ఇవ్వండి, చదివి ఇచ్చేస్తాను."

మేడం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఇరవై రెండేళ్లలో ఆ పుస్తకాన్ని వెతికిన మనిషి ఈ పిల్లే.

"దొరకదమ్మా. అలాంటి పుస్తకమే లేదు. అప్పుడు నాకు పందొమ్మిదే దొరికాయి. మా సార్ ఇరవై అడిగారు."

అమ్మాయి తన జాబితా తీసి ఆ పేరు మీద వేలు పెట్టింది. "కొట్టేస్తే నాకూ పందొమ్మిదే అవుతాయి మేడం."

"అవనీ," అంది మేడం, పెన్సిల్ ఆ అమ్మాయి చేతికిస్తూ.