సళి అంటే చలి అనుకున్నాను

అక్కకు ఒంట్లో బాగాలేదని నాకు మొదట తెలిసింది ఆమె నవ్వు సగంలో ఆగిపోయినప్పుడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాది అది. అత్తవారి ఊరు సేత్తూరు నుంచి రంగమ్మ అక్క తమిళనాట ఉన్న రాజపాళయానికి, మా పుట్టింటికి, వచ్చి ఉంది. నేనేదో వెక్కిరించాను. ఇల్లంతా వినపడేలా నవ్వే మనిషి, నవ్వుతూ నవ్వుతూ దగ్గి, స్తంభం పట్టుకుని కూర్చుండిపోయింది. "ఏమీ లేదు, పోవే" అంది. ఆ సాయంత్రం నుంచి రోజూ జ్వరమే.

నాయన డాక్టరును ఇంటికి పిలిపించి, తను వసారాలో కూర్చున్నాడు. మా తెలుగు రాజుల ఇళ్ళలో అప్పుడు గోషా. ఆడవాళ్ళు పరాయి మగవాడికి కనిపించకూడదు, వాళ్ళ గొంతు వినిపించకూడదు. అక్క తెర వెనక మంచం మీద, డాక్టరు తెర ఇవతల కుర్చీలో. ఇంకా గోషాలో పెట్టని పన్నెండేళ్ళ పిల్లను కాబట్టి నేను మధ్యలో రాయబారిని. డాక్టరు ఊరికి కొత్త, తమిళం తప్ప మాట్లాడడు. నా తమిళం పనిమనిషికి గిన్నెలు వేసేంత వరకే.

"సళి వరుదా?" అని అడిగాడాయన. కళ్ళె పడుతుందా అని. నేను చలి అనుకున్నాను. తెరలోకి తల పెట్టి, "అక్కా, చలి వస్తాదా అని అడుగుతాడు" అన్నాను.

అక్క గోడవైపు తిరిగి పడుకుంది. తరువాత "లేదని చెప్పు" అంది.

"ఇల్లై" అని గట్టిగా చెప్పాను. పెద్దవాళ్ళ పని చేశానని గర్వం కూడా. సళి లేకపోతే భయం లేదు, ఇది మలేరియా అని డాక్టరు క్వినైన్ మిక్స్చర్ రాశాడు. నాలుగు నెలలు ఆ చేదు తాగి అక్కకు చెవులు గింగురుమన్నాయి గానీ జ్వరం తగ్గలేదు.

ఒకనాడు పొద్దున పళ్ళు తోముకుంటూ నెత్తురు ఉమ్మింది.

తెర కట్టిన బండిలో స్టేషనుకు, అక్కడ నుంచి రైల్లో మదురైకి తీసుకుపోయారు. తోడుగా నేనూ వెళ్ళాను. ఆస్పత్రిలో నర్సు మూత ఉన్న కప్పు నా చేతికిచ్చి, ఇందులో సళి పట్టించు అంది. నేను తెల్లబోయి నిలబడ్డాను. అక్కే కప్పు తీసుకుని, దగ్గి, ఉమ్మి, నాకిచ్చింది. సళి అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

పెద్ద డాక్టరు ఎక్స్‌రే వెలుగుకు పట్టి నాయనతో అన్నాడు: "టీబీ. లంగ్స్ రెండింటికీ పట్టింది. ఒకవైపే ఉంటే ఏ.పి. చేసి, సూదితో రొమ్ములోకి గాలి ఎక్కించి, ఆ లంగ్‌ను ముడిచి దానికి రెస్ట్ ఇచ్చేవాళ్ళం. ఇప్పుడు కుదరదు. సళి టెస్ట్ ముందే ఎందుకు చేయించలేదు?"

"లేదని చెప్పినారండీ" అన్నాడు నాయన. చెప్పింది నేనని ఆయనకు గుర్తులేదు. నేను ఆయన వెనక్కి తప్పుకున్నాను.

ఇంటికొచ్చాక అక్కను పెరటి గదిలో పెట్టారు. ప్లేటు వేరు, గ్లాసు వేరు. బెడ్ రెస్ట్. లేవకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, నవ్వకూడదు. బావ రెండుసార్లు వచ్చి గుమ్మంలోనే నిలబడి పోయాడు. తరువాత ఇంకో పెళ్ళి చేసుకున్నాడని కబురొచ్చింది. మేకపాలు, గుడ్లు, చేపనూనెతో ఒక ఏడాది అక్క ఒళ్ళు చేసింది, పెరట్లో నాలుగు అడుగులు నడిచింది కూడా. ఆ వానలకే మళ్ళీ జ్వరం, మళ్ళీ నెత్తురు. ఆ తరువాత ఆమె గది దాటలేదు. నేనూ దాటలేదనే చెప్పాలి. ఎక్కడ కూర్చున్నా నా చెవిలో నా "ఇల్లై"యే వినిపించేది.

నాకు పెళ్ళయింది, రెండు వీధుల అవతలే. కూతురు పుట్టింది. రోజూ మధ్యాహ్నం దాన్ని తెచ్చి కిటికీ బయట కూర్చోబెట్టేదాన్ని. అక్క గుసగుసగా దానికి ఒకటీ రెండూ అని ఒంట్లు నేర్పింది, కోడి కథ చెప్పింది. పెద్దమ్మలంటే కిటికీలోనే ఉంటారని నా కూతురు చాన్నాళ్ళు అనుకుంది.

ఒకరోజు తట్టుకోలేక అక్కకు చెప్పేశాను. ఆమె కళ్ళు మూసుకునే విన్నది.

"సేత్తూరులో మూడేండ్లు పనోళ్ళతో అరవం మాట్లాడినదాన్ని. సళి అంటే నాకు తెలీదా? డాక్టరు అడిగింది నా చెవిన పడలేదనుకున్నావా? తెలిసే లేదని చెప్పించినాను. కాసం, అదే ఈ టీబీ, అని తేలితే మీ బావ నన్ను తీసకపోడని భయం. నువ్వు చేసింది ఏమీ లేదు. పోయి కాఫీ తేపో."

మరుసటి ఏడు అక్క పోయింది. ఆమె చెప్పింది నిజమో, నన్ను విడిపించడానికి అన్నదో నాకు ఈరోజుకీ తెలియదు. రెండూ అక్క చేయగలిగినవే. అందుకే నాకు విడుదల లేదు.

ఇప్పుడు నా కూతురికి అయిదేళ్ళు, ఆరోగ్యంగా ఉంది. అది దగ్గితే చాలు నాకు నిద్ర పట్టదు. మా అత్తగారు నన్ను చూసి చాదస్తం అంటుంది, అననీ. చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. మీ ఇంట్లో దగ్గూ సాయంత్రపు జ్వరమూ వదలకపోతే, కళ్ళె పడుతుందా అని అడిగి ఊరుకోకండి. మూత ఉన్న గిన్నెలో పట్టి డాక్టరుకు తీసుకుపోండి. జబ్బు మనిషే లేదన్నా, ఒట్టు పెట్టి లేదన్నా, పట్టి తీసుకుపోండి.