నేను తొక్కితే వెలగని బల్బు

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నమ్మకం లేదు. మా నాయన ఆళ్ళగడ్డలో బడిపంతులు, ఆదివారం చర్చిలో వాక్యం చెప్పేవాడు. చచ్చినవాళ్ళు తిరిగొస్తారని ఎవరైనా అంటే మా ఇంట్లో నవ్వేవాళ్ళం. ఇప్పటికీ నవ్వుతాను. కానీ నంద్యాలలో మా గడప దగ్గర జరిగింది తలుచుకుంటే మాత్రం నవ్వు రాదు. కోపమే వస్తుంది.

ఎనభైల మొదట్లో నా పెళ్ళయింది. ఆయనకు అది రెండో పెళ్ళి. మొదటి భార్య సుగుణ టీచరు. కామెర్లతో చనిపోయి అప్పటికి రెండేళ్ళు. ఆయన పంపుసెట్ల మోటార్లు బాగుచేసే మెకానిక్కు.

సుగుణ రోజూ సాయంత్రం అయిదున్నరకు రెండు చేతులా నోటుపుస్తకాలు మోసుకుంటూ వచ్చేదట. మా వరండా పగలు కూడా చీకటే, తాళం కనపడదు. అందుకని ఆయన గడప ముందు ఒక చెక్క పలక అమర్చాడు. రైతెవరో పారేసిన మోటారు స్టార్టరు తెచ్చి లోపల గోడకు బిగించాడు. దాని పచ్చ బటన్ ఊడదీసి, స్ప్రింగు వేసి పలక కింద పెట్టి, రెండు వైర్లు లాగాడు. పలక మీద కాలు పెడితే స్టార్టరు టక్కుమని పట్టుకుంటుంది, తలుపు మీద బల్బు వెలుగుతుంది. లోపలికొచ్చి ఎర్ర బటన్ నొక్కేదాకా ఆరదు. చూడ్డానికి వీధి వీధంతా వచ్చిందట.

నాకోసం ఆయన గోడకు ఒక మేకు కూడా కొట్టలేదు.

కాపురానికి వచ్చిన రోజు నేను పలక మీద కాలు పెట్టాను. వెలగలేదు. నా వెనకే మా అత్త పెట్టింది, వెలిగింది. పోస్టుమ్యాన్‌కు వెలిగేది, పాలామెకు వెలిగేది. నాకు మాత్రం నాలుగుసార్లు తొక్కితే ఒకసారి, అదీ దాని బుద్ధి పుడితే.

"ఏందమ్మా, నీకే ఎలగదు? సుగుణమ్మ అట్ల కాలు పెడితే సాలు, టక్కున ఎలుగుతాండె. ఆయమ్మ కాలు అట్లాటిది" అంది ఒకరోజు పాలామె. ఆమె పోసిన పాలు ఆరోజు నాకు సయించలేదు.

"నువ్వు బరువు లేవులే, స్ప్రింగు వదులు చేస్తా" అన్నాడు ఆయన. చేశాడు. ఎమరీ కాగితంతో పాయింట్లు రుద్దాడు. స్ప్రింగు మార్చాడు, వైర్లు మార్చాడు, పలక మార్చాడు. ప్రతిసారీ నేనే పక్కన కూర్చుని స్క్రూడ్రైవరు అందించాను. ఆఖరికి పక్కింటి కోడి ఎక్కినా వెలిగేంత మెత్తబడింది. నేనెక్కితే మళ్ళీ అదే కథ.

ఆరు నెలలు అట్లా గడిచాక ఒక సాయంత్రం ఆయన పలకను చేత్తో నొక్కుతూ, నాతో కాదు, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. "సుగుణ ఉన్నప్పుడు ఒక్క దినం కూడా మొరాయించలే ఇది."

అంతే, నా ఒళ్ళు భగ్గుమంది. ఆ ఇంట్లో వంట నాది, వాకిలి ఊడ్చేది నేను, ఆయనకు జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నది నేను. గడప మాత్రం ఆమెదే.

మరునాడు ఆయన పనికి పోగానే మెయిన్ ఆపి పలక ఎత్తాను. స్ప్రింగు, బటన్ పీకేశాను. రెండు వైర్లనూ మూరెడు చొప్పున కోసేసి, మిగిలిన కొసలకు గుడ్డ చుట్టాను. పలక కదలకుండా నాలుగు మేకులు కొట్టాను. పీకినవన్నీ తీసుకుపోయి కుందూ ఏట్లో పారేశాను. ఇంటికొచ్చి మెయిన్ వేశాను. ఇవన్నీ ఎందుకు ఇంత వివరంగా చెప్తున్నానంటే, సగం సగం చేశానేమో అని ఎవరూ అనకూడదు.

ఆ సాయంత్రం మా అత్త ప్రార్థన కూటానికి పోయింది. ఆయన పెరటి వైపు నుంచి వచ్చి స్నానం చేసి గదిలో ఉన్నాడు. నేను ముందు గదిలో బియ్యం ఏరుతున్నాను. తలుపు తెరిచే ఉంది, పలక నా కళ్ళెదురుగానే ఉంది. వేసవి, వీధిలో ఇంకా ఎండ ఉంది.

అయిదున్నరకు స్టార్టరు టక్కుమంది. బల్బు వెలిగింది. పలక మీద మనిషి లేడు, కోడి లేదు.

ఆయన గదిలోంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. భుజం మీద తువ్వాలు జారిపోయినా చూసుకోలేదు. గడప దగ్గర ఆగి వరండాలోకి చూశాడు. ఆ మొహం చెప్పలేను. నేను వస్తే ఆ మొహం ఎన్నడూ లేదు. భయం సంగతి దేవుడెరుగు, నాకు కడుపులో మండింది.

"ఎవరు తొక్కినారు?" అన్నాడు.

ఎవరూ లేరని చెప్పాలి. అదే నిజం. కానీ చెప్తే ఆ మొహం ఎప్పటికీ ఆమెకే ఉండిపోతుంది.

"నేనే" అన్నాను.

ఆయన నావైపు తిరిగాడు. నన్ను అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు. "నీకు వెలిగిందా! చూస్తివా, బాగైతాదని నేను చెప్పలే?" అని నవ్వి, నా పక్కన వచ్చి కూర్చున్నాడు. నాతోపాటు బియ్యం ఏరాడు. ఆ నవ్వు నాది కాదని తెలిసి కూడా తీసుకున్నాను.

పొద్దున్నే ఆయన లేవకముందు మెయిన్ ఆపి, పలక మేకులు పీకి, ఆయన పనిముట్ల పెట్టెలోంచే బటన్, స్ప్రింగు, వైరు తీసి మళ్ళీ కలిపాను. స్టార్టరు మూత కూడా తెరిచి చూశాను. బల్లి లేదు, చెమ్మ లేదు. ఆరోజు నుంచి ఆ ఇల్లు వదిలేదాకా ఎనిమిదేళ్ళు, నేను కాలు పెట్టిన ప్రతిసారీ బల్బు వెలిగింది.

తర్వాత, కరెంటు పని చదివిన మా తమ్ముణ్ణి వేరే ఎవరి సంగతో అన్నట్టు అడిగాను. "వైర్లు తెగినాక యాడ పట్టుకుంటాదక్కా?" అన్నాడు. వోల్టేజీ అన్నాడు, ఇంకేదో అన్నాడు, చివరికి తెలియదన్నాడు. నాకూ తెలియదు.

మా ఆయనకు ఇంతవరకు చెప్పలేదు. ఇది చదివితేనే తెలుస్తుంది. ఆ మరుసటి రోజు నుంచి నాకెందుకు వెలిగిందో ఎంత ఆలోచించినా అంతుబట్టదు. పోనీలే పాపం, తీసుకో అని ఆమే వదిలేసిందేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది. అట్లా అనిపించినప్పుడల్లా ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది. ఇమ్మని ఆమెను నేనేమీ అడగలేదు.