మా పెరట్లో మూడో తరగతి గుమ్మడికాయ

బడి వాట్సాప్ గ్రూపులో మీరందరూ మా పక్కింటి టీచరమ్మ ప్రశాంతంగా కన్నుమూసిందని రాశారు. తప్పు. పోయిన ఆదివారం, మిర్యాలగూడ దవాఖానాలో ప్రాణం పోయే ముందు కూడా నాకు ఫోన్ చేసి, "పెద్దమ్మా, పిందె నిలిచిందా?" అని మూడుసార్లు అడిగింది. ప్రశాంతత ఆమెకూ లేదు, ఆమె పక్కింట్లో ఉన్నందుకు నాకూ లేదు.

"చిన్నపిల్లలకు మొక్క బొమ్మ గీసి చెప్తే సాలదా?" అని నేనంటే, "బొమ్మకు కాయ కాస్తదా పెద్దమ్మా?" అనేది. బడిలో కోతులు ఏదీ ఉంచవని మూడో తరగతి పిల్లల చేత గుమ్మడి గింజలు మా పెరట్లో పెట్టించింది. నన్నడిగిందా? లేదు. మొలక వచ్చిందేమోనని పిల్లలు రోజూ గింజలు తవ్వి చూసేవారు. ఆమె తిట్టదు, మళ్లీ పాతిపెట్టమంటుంది. చివరికి ఒక్కటే బతికింది.

అది పాకి పూతకొచ్చాక, బీఏ చదివిన తెలివితో నేనొక పని చేశాను. కింద పిందె లేనివన్నీ గొడ్డుపూలు, తీగ బలం తినేస్తాయని తెంపి పారేశాను. మా అమ్మ అలాగే చేసేది. పొద్దున్నే వచ్చిన ఒక పిల్ల నడుం మీద చెయ్యి పెట్టుకుని, "అమ్మమ్మా, గవి మగపూలు! అన్నీ తెంపితే ఆడపువ్వుకు పుప్పొడి ఏడికెల్లి వస్తది?" అన్నది.

టీచరమ్మ నన్నొక్క మాట అనలేదు. అందుకే ఇంకా ఒళ్లు మండింది. మర్నాడు మొదటి షేర్ ఆటోలో గరిడేపల్లి వెళ్లి, ఎవరి పాదునుంచో ఒక మగపువ్వును టిఫిన్ డబ్బాలో తెచ్చింది. పిల్లలు వంగి చూస్తుండగా రెక్కలు తీసి, విచ్చుకున్న ఆడపువ్వు నడుమ అద్దింది. "అయిపోయింది. ఇక ఎవ్వరూ ముట్టుకోవద్దు, ముఖ్యంగా పెద్దమ్మ" అన్నది.

ఆమె దవాఖానాలో చేరాక పిందె నిలిచింది. ఫోన్లో ఆ మాట మూడోసారి చెబితే గాని నమ్మలేదు.

ఇప్పుడు ఆమె ఆడబిడ్డ ఆ కాయను దశదినకర్మ వంటకు కోస్తానంటోంది. "వదిన పెంచిన కాయ గదా, పులుసు పెడితే ఆత్మకు శాంతి."

"శాంతి గావాల్నంటే అంగట్ల కొనుక్కో. దీని గింజ ఇంకా ముదరలే" అన్నాను. గింజలు తలా ఒకటి ఇస్తానని పిల్లలకు ఆమె మాటిచ్చింది. తొడిమ ఎండేదాకా కత్తి పడనివ్వను.

కాయ తడినేల మీద ఉంది, అడుగు కుళ్లుతుంది. వేములపల్లి వైపునుంచి వచ్చేవాళ్లు ఎవరైనా రేపు ఒక మోపెడు ఎండు వరిగడ్డి తెండి. వెనక గేటు తీసే ఉంటుంది. కాయను ఎత్తకండి, తొడిమ విరుగుతుంది. కొద్దిగా పక్కకు వంచి కింద గడ్డి దూర్చండి. ఎనిమిదిలోపే రండి. ఆ తర్వాత పిల్లలు దాని చుట్టూ కూర్చుంటారు, మీకు చోటుండదు.