మూడో పోగు వేయకపోతే

నర్సీపట్నంలో మా మేనత్త రిటైరైన నర్సు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక నా పరిశోధన గురించి అడిగింది. జంటగా అల్లుకున్న రెండు డీఎన్ఏ పోగుల్లో ఒకదానికి మందు తగిలిస్తామని, మూడో పోగు వేస్తే అది మందున్న పోగును తోసేసి దాని చోట చేరుతుందని చెప్పాను. ఎంతసేపటికి తోయాలో కూడా ముందే మేమే నిర్ణయిస్తాం.

"మూడోది ఎయ్యకపోతే మందు రాదని సూసేవా?" అంది అత్త.

తొందరలో చూడలేదు. సోమవారం ల్యాబులో చూస్తే, అది వేయకుండానే మందు కొద్దికొద్దిగా బయటికి వస్తోంది. జంట పోగులు మరింత గట్టిగా పట్టుకునేలా మార్చాను. ఈసారి మందు కదల్లేదు. మూడో పోగు వేశాక, అనుకున్నట్టే గంటకు విడుదలైంది.

వెంటనే అత్తకు ఫోన్ చేశాను.

"మరి రోగులకెప్పుడిస్తారే?"

"ఇంకా చాలా పనుంది అత్తా. కానీ ఇస్తాం."