కోతపండుగ కోడి ఎవరిది?

1949. సూర్యాపేట బజారులో ఒక చిన్న ప్రెస్సులో నేను కంపోజిటర్‌ని. సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి, స్టిక్ అనే ఇనుప పట్టీలో తలకిందులుగా పేర్చి వాక్యం చేయడం మా పని. పెళ్లిపత్రికలు, ధాన్యం కొట్ల రసీదులు, టాకీసు కరపత్రాలు ఎక్కువగా వచ్చేవి. నెలకోసారి మిషన్ వాళ్ల పత్రిక వచ్చేది. మాది పద్మశాలీల ఇల్లు. క్రైస్తవుల సంగతులు నాకు కాస్తో కూస్తో తెలిశాయంటే ఆ పత్రిక పుణ్యమే.

ఈ పనిలో ఒక విచిత్రం ఉంది. కంపోజిటర్ చదవడు, పేరుస్తాడు. కన్ను అక్షరం మీదే ఉంటుంది, అర్థం జోలికి పోదు. అందులోనూ ఆ పత్రికలో కథలన్నీ ఒకటే తీరు. ఒక తాగుబోతు ఉంటాడు, పెళ్లాన్ని కొడతాడు, జబ్బు పడతాడు, మారుమనసు పొందుతాడు, చచ్చిపోతాడు. అలాంటివి నేను నిద్రలో కూడా పేర్చగలిగేవాణ్ణి.

ఆ ఏడు కోతలకు ముందు, కోదాడ మిషన్ బడి పంతులమ్మ సుగుణమ్మ ఒక కథ రాసి ఇచ్చింది. ఆమె రాసిన మొదటి కథ అదే. భర్త పోయాడు, ఇద్దరు పిల్లలు, బడి జీతమే ఆధారం. ఎప్పుడూ తెల్లచీరలో గంభీరంగా కనిపించే మనిషి. ఇంకో తాగుబోతు చచ్చాడు కాబోలు అనుకుంటూ పేర్చడం మొదలుపెట్టాను. సగంలో నవ్వాగలేదు. స్టిక్ చేతిలోంచి జారి అక్షరాలన్నీ నేలపాలయ్యాయి.

"ఏమైందిర నర్సయ్యా, దయ్యం గిట్ల పట్టిందా?" అని మా యజమాని కేకేశాడు.

కథ ఇది. కోతలు కాగానే క్రైస్తవులు కోతపండుగ చేసుకుంటారు. వడ్లో, గుమ్మడికాయో, కోడో, ఎవరికి కలిగింది వాళ్లు గుడికి తెచ్చి దేవుడికిస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేసి, వచ్చింది సంఘానికి వాడతారు. కథలో ఒక సంఘపెద్ద తన పెంపుడు కోడిపెట్టను తెచ్చి, "ప్రభువా, నా ఇంట్లో దీన్ని మించింది లేదు" అని పొడుగాటి ప్రార్థన చేసి మరీ ఇస్తాడు. ఇచ్చాక బెంగ మొదలవుతుంది. వేలం పాడించేది కూడా ఆయనే. ఎవరైనా పాట పెంచితే చాలు, వయసు మళ్లిందంటాడు, గుడ్లు పెట్టదంటాడు, కాలు కుంటిదంటాడు. అందరూ వెనక్కి తగ్గితే తానే పాడుకుని ఇంటికి తీసుకుపోవాలని ఆయన ఆశ. చివరికి వెనక నుంచి ఒక ముసలమ్మ లేచి అడుగుతుంది: "అయితే పెద్దయ్యా, గిసుంటి కోడినా నువ్వు దేవునికిచ్చింది?"

అచ్చుకు ముందు తప్పులు చూడటానికి ఒక కాగితం తీస్తాం, దాన్ని ప్రూఫ్ అంటారు. అది పత్రిక చూసే పాస్టరు గారికి వెళ్లింది. మర్నాడు ఆయన ప్రెస్సుకు వచ్చాడు. వెంట మిర్యాలగూడ రైసుమిల్లు గుమాస్తా దేవదానం ఉన్నాడు. ఆయన అక్కడి సంఘపెద్ద, బడి కమిటీలో సభ్యుడు కూడా. ప్రూఫ్ చూసుకోవడానికి సుగుణమ్మ అప్పటికే వచ్చి కూర్చుంది.

"గీ కోడి ఎవల్దో మిర్యాలగూడెంల సంటిపోరన్ని అడిగినా సెప్తడు," అన్నాడు దేవదానం. "నన్ను నలుగుట్ల నవ్వులపాలు జేస్తవా, పంతులమ్మా?"

"మీ పేరు పెట్టలేదండి, పెద్దయ్యగారూ."

"పేరెందుకు? కోడి సాలదా?"

నాకు మళ్లీ నవ్వొచ్చింది గానీ, పాస్టరు గారి ముఖం చూసి మింగేశాను. "గుడిలో జరిగేది హాస్యానికి పనికిరాదమ్మా," అన్నాడాయన. "ఈ కథ తీసెయ్యి. లేదంటే కమిటీలో నీ ఉద్యోగం సంగతి మాట్లాడాల్సి వస్తుంది."

సుగుణమ్మ సాయంత్రం దాకా గడువడిగింది. వాళ్లు వెళ్లాక బల్ల మీద అలాగే కూర్చుండిపోయింది. నాకు జాలేసింది.

"అమ్మా, ఒక తాగుబోతు కత రాసియ్యి, ఖతం. నీకెందుకీ పరేషాన్?" అన్నాను.

"నర్సయ్యా, మా వైపు జనం ఆ తుపాకుల గొడవల్లో రెండేళ్లు తలుపులేసుకుని బతికారు. ఎవరొచ్చి తలుపు కొడతారోనని భయం. గుడికొచ్చినా ఏడుపే. నిరుడు మిర్యాలగూడెం పండక్కి వెళ్లాను. ఆ ముసలమ్మ అలా అడిగేసరికి గుడంతా ఒక్కసారిగా నవ్వింది. అన్నాళ్లకి నవ్వు విన్నాను. దేవుడికి మా ఏడుపొక్కటే కావాలంటావా?"

ఆ మాటకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

కాసేపటికి ఆమె కలం అడిగింది. సంఘపెద్దను కొట్టేసి పంతులమ్మను పెట్టింది. కోడి పంతులమ్మది, ప్రార్థన పంతులమ్మది, వంకలూ పంతులమ్మవే. పైగా, అబద్ధమాడకూడదని ఆమె పాఠం చెప్పిన పిల్లలే ముందు వరసలో కూర్చుని, ఒక్కో వంకకూ ఒక్కో వేలు మడుస్తుంటారు. నవ్వు చప్పబడుతుందేమో అనుకున్నాను, రెట్టింపయింది.

"ఇగ నిన్నే నవ్వుతరు గదమ్మా?"

"నవ్వనీ. నన్ను చూసి నేనే నవ్వుకుంటే ఏ కమిటీ ఏమంటుంది?"

చేతి అచ్చులో ఒక్క మాట మారితే కింది వరసలన్నీ జరపాలి. మామూలుగా అయితే తిట్టుకునేవాణ్ణే. ఆ రోజు మాత్రం పండగలా చేశాను. సాయంత్రం పాస్టరు గారు చదివి, నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "తనను తాను తగ్గించుకున్నదాన్ని నేనెట్లా కాదంటాను?" అని సంతకం పెట్టేశాడు.

మిర్యాలగూడ కోతపండుగకు పత్రికల కట్ట తీసుకుని నేనే బస్సులో వెళ్లాను. ఆరాధన అయ్యాక, వేలానికి ముందు, పండక్కి వచ్చిన సుగుణమ్మను కథ చదవమన్నారు. జనం పడీపడీ నవ్వారు. ఆడవాళ్లు కొంగుతో కళ్లొత్తుకున్నారు. "పంతులమ్మా, ఎంత పని జేసినవే!" అని ఒకావిడ ఆమె బుగ్గ పుణికింది. నా చూపంతా దేవదానం మీదే ఉంది. నిరుడు గుడంతా నవ్వింది ఆయన్ని చూసేనని అందరికీ తెలుసు. ఆయన కట్టెలా బిగుసుకుని కూర్చున్నాడు.

ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు. గుడిలో సద్దుమణిగింది. సుగుణమ్మ పత్రిక మడిచేసింది. అయిపోయింది, ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను.

"పంతులమ్మకు కోళ్లెక్కడియి?" అన్నాడు గట్టిగా. "కోదాడల కిరాయింట్ల ఉంటది, పాపం! గది నా కోడి. గా అబద్ధాలన్నీ ఆడింది నేను. నా తప్పు ఆమె నెత్తినెందుకు?"

ఆ మాటకు లేచిన నవ్వుకు పైకప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. అందరికంటే గట్టిగా నవ్వింది దేవదానమే. నవ్వీ నవ్వీ దగ్గొచ్చి, నన్ను చూసి వేలు చూపించాడు. "నర్సయ్యా, మల్ల అచ్చేస్తే నా పేరు పెట్టాలె!"

"ఒప్పుకోనండి," అంది సుగుణమ్మ. "కథలో ఆ కోడిని మీరు నాకిచ్చేసినట్టే."

తర్వాత ఆమె నెలనెలా రాసింది. పాటల్లో శ్రుతి తప్పే వాళ్లూ, ప్రసంగంలో కునికే వాళ్లూ ఆమె కథల్లోకి వచ్చారు. హాలియా నుంచి, నిడమనూరు నుంచి జనం బడికి వెతుక్కుంటూ పోయి, "మా మేక సంగతి కూడ రాయమ్మా" అని తమ తెలివితక్కువ పనులు తామే చెప్పుకునేవారు. దేవదానం అయితే బడికి వచ్చినప్పుడల్లా తన సంగతి ఒకటి మోసుకొచ్చేవాడు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఎందరివో రాతలు పేర్చాను. ఎదుటివాణ్ణి చూపించి నవ్వించిన వాళ్లు వాళ్లలో చాలామందే ఉన్నారు. ఎదుటివాడి నవ్వులపాటును తన నెత్తిన వేసుకుని, అది నాదేనని వాడే లేచి నిలబడేలా చేసిన మనిషిని మాత్రం ఆమె ఒక్కదాన్నే చూశాను.