చెడ్డమాట రాని ఇమాముద్దీన్

తాండూరు టాక్సీ ఇమాముద్దీన్‌కు ఒకటే జబ్బు. లోకంలో దేన్నీ ఆయన చెడ్డదనలేడు. ఉప్పు మరిచిన పప్పు పెడితే "నాలుకకు జర ఆరాం దొరికింది" అంటాడు. భార్య అష్రఫున్నీసా "మీతోని లొల్లి పెట్టుకుందమన్నా కుదరదు గదా!" అని నెత్తి కొట్టుకుంటే, "లొల్లి గూడ మస్తు చేస్తవ్ నువ్వు" అని మెచ్చుకుంటాడు.

అలాంటి మనిషి కారుకు 1961 ఎండాకాలంలో దెబ్బ తగిలింది. వికారాబాదు రోడ్డు మీద ఎదురొచ్చిన ఎద్దులబండి ఒకటి రాసుకుపోయింది. ఇరుసు తగిలి మడ్‌గార్డు చీలింది, తలుపు ఊడింది, ముందు చక్రం వంకరపోయింది. కారును వికారాబాదులో మెకానిక్ జంగప్ప షెడ్డుకు ఈడ్చుకొచ్చారు. బీమా మంజూరైతే తప్ప ఆ కారు కదలదు. కారు కదలకపోతే ఇమాముద్దీన్ ఇంట్లో పొయ్యి వెలగదు.

బీమా కంపెనీ సర్వేయరు చంద్రశేఖర్ ఫారం పట్టుకుని పట్నం నుంచి ఆ షెడ్డుకు దిగాడు. దెబ్బతిన్న కారు ఓనరు ఎదుటివాణ్ణి తిట్టిపోయకుండా ఉండటం ఆయన తన సర్వీసులో చూడలేదు. ఆ తిట్లు రాసుకుని మధ్యాహ్నం రైలుకు పోదామని వచ్చాడు.

"బ్రేకులు పడలేదా?"

"తౌబా! బ్రేకులు బంగారం, సాబ్."

"రోడ్డు బాగాలేదా?"

"మస్తుగుంటది. మెత్తగ, పరుపు మీద పోయినట్టే."

పొద్దున్నే ఆ రోడ్డు చూడటానికి జట్కాలో పోయొచ్చిన చంద్రశేఖర్ నడుము ఇంకా సర్దుకోలేదు.

"మీ కళ్లు సరిగ్గా కనబడవా?"

"ఖుదా దయ, మంచిగ కనబడతయ్."

"అయితే తప్పు బండివాడిదేగా?"

"ఆయన మస్తు మంచోడు."

"పేరేంటి?"

"పేరు గూడ మంచిదే, సాబ్."

చంద్రశేఖర్ కూజాలో నీళ్లన్నీ తాగేశాడు. "అయ్యా, 'ప్రమాదానికి కారణం' అన్న గడి ఖాళీగా పంపితే పైవాళ్లు నయాపైసా ఇవ్వరు. దండం పెడతా, ఎవర్నో ఒకర్ని అనండి!"

"గది ఆయనతోని అయ్యే పని కాదు, సాబ్," అన్నాడు జంగప్ప. "కిందటేడు నేను గేరు ఉల్టా బిగిస్తే, రివర్సు మస్తు పోతున్నదని మెచ్చుకున్నడు."

ఇక ఓపిక లేక చంద్రశేఖర్ పెన్ను మూత తీశాడు. "సరే, బండివాడిదే తప్పని రాస్తా. కంపెనీవాళ్లే వాణ్ణి వెతికి పట్టుకుని రిపేరు ఖర్చు రాబడతారు."

ఇమాముద్దీన్ చప్పున ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు సాబ్! తప్పు నాది. నా అంత బేకార్ మనిషి తాండూరుల లేడు. గట్లనే రాయండ్రి."

జంగప్ప చేతిలో సుత్తి జారింది. ఇమాముద్దీన్ ఒక మనిషిని చెడ్డవాడనగా జంగప్ప వినడం అదే మొదటిసారి.

"ఇంతకీ మీరేం చేశారు?"

"గా బండాయన మూడు దినాల సంది దవాఖానల పెండ్లాం పక్కన కూసున్నడు, సాబ్. ఆమెను దవాఖానకు తెచ్చింది నేనే. జర నయమైందని ఇంటికాడ చెప్పనీకి పోతుండె. ఎదురుంగ జూస్తె బండిల మంచిగ పండుకున్నడు. నేను కారు పక్కకు ఆపిన. ఎద్దులు తెలివైనయి, తప్పుకుంటయ్ అనుకున్న."

"ఆగి ఉన్న కారుకొచ్చి గుద్దాడా! హారన్ కొట్టొచ్చుగా?"

"మూడు దినాలకు కన్నంటుకున్నది. గట్లాంటోణ్ణి ఎట్ల లేపాలె, సాబ్?"

చంద్రశేఖర్ పకపకా నవ్వేశాడు. పొద్దుటి నుంచి కూడబెట్టుకున్న విసుగంతా ఆ నవ్వులో కొట్టుకుపోయింది, ఇమాముద్దీన్ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. కారణం గడిలో శుభ్రంగా రాసి, పైకి చదివి వినిపించాడు. "డ్రైవరు హారన్ కొట్టలేదు." ఎందుకు కొట్టలేదో రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. సంతకం పెట్టి, పని మొదలుపెట్టమని జంగప్పకు చెప్పాడు.

ఇమాముద్దీన్ మాత్రం అక్కణ్నుంచి కదల్లేదు.

"ఇంకేంటి?"

"హారన్ మస్తు మంచిది, సాబ్. గది గూడ రాయండ్రి, పాపం."